పోలియో సోకి బ్రదికినవారి జీర్ణారోగ్యము

మూడు సంవత్సరముల క్రిందట మా పాఠశాల వార్షికోత్సవము నాడు జరిగిన యొక చిన్న సంగతి ఈ వ్యాసమునకు కారణమైనది. ఆ దినమున తలిదండ్రులకై వేసిన కుర్చీలలో ముందు వరుసను ఒక తల్లి కూర్చుండి యుండెను. ఆమె కుమార్తె తెలుగు వక్తృత్వమునందు బహుమతి పొందవలసి యుండెను. ఆమె ఎడమ కాలికి కాలిపరును, చేతిలో చంకకర్రయు కలవు. ఉదయము తొమ్మిది గంటలకు వచ్చిన యామె సాయంకాలము అయిదు గంటలవరకు కూర్చున్న చోటనుండి కదలలేదు. ఫిబ్రవరి నెలయైనను ఆనాడు ఎండ తీక్షణముగా నుండెను. మజ్జిగ పంచు బాలురు మూడు మారులు ఆమె యొద్దకు పోగా మూడు మారులును వలదని తల త్రిప్పెను. పులిహోర పొట్లమును విప్పకయే కుమార్తె చేతిలో పెట్టెను. మా యేర్పాటులయందు ఆమెకు ఏదో యసంతృప్తి కలిగినదని మాలో కొందరము తలంచితిమి.

సభ ముగిసిన పిమ్మట మా తోటి ఉపాధ్యాయిని యొకరు ఆమె ప్రక్కన కూర్చుండి మెల్లగా అడుగగా, ఆమె నవ్వి, "కోపమేమీ లేదు టీచరమ్మగారూ. తాగితే పోవాలి. పోదామంటే మీ దొడ్డికి మూడు మెట్లు. ఎక్కినా గొంతుక్కూర్చోలేను. అందుకని ఇల్లు కదిలిన రోజున నోరు కట్టేసుకుంటాను. చిన్నప్పటి నుంచీ అలవాటే" అని చెప్పెను. మేమెల్లరము మెట్లవైపు చూచితిమి. ఇరువది యేండ్లుగా ఆ మెట్లను ఎక్కి దిగుచున్న మాకు అవి మూడని యైనను ఎన్నడును లెక్కకు రాలేదు.

ఆమె వయస్సు నలువది దాటినది. రెండవ యేట పోలియో సోకెనట. పదియేండ్లనుండి మలబద్ధకము, భోజనమైన పిమ్మట పుల్లని త్రేపులు, అటుకులవంటి పొడి పదార్థములు తినునప్పుడు పొలమారుట, ఈ మూడు బాధలును కలవట. వైద్యునకు చూపించుకొంటిరా యని అడుగగా, "పోలియో ఒళ్లు ఇంతే గదండీ" అని యూరకుండెను.

ఈ "ఇంతే గదా" యను మాట నిజమా? ఆమె బాధలో పోలియో పాలెంత, అలవాటుల పాలెంత, మా మెట్ల పాలెంత? ఈ ప్రశ్న మమ్మును విడువలేదు. గ్రంథములు చదివి, ఎరిగిన వైద్యుల నడిగి తెలిసికొన్నదానిని ఇచ్చట వ్రాయుచున్నాము. మేము వైద్యులము కాము. శాస్త్రపాఠములు చెప్పుకొను ఉపాధ్యాయులము మాత్రమే. కావున చదువరులు దీనిని చికిత్సగా గాక వివరణముగా గ్రహింప ప్రార్థన.

వ్యాధి వచ్చిన త్రోవ

మా విద్యార్థులలో పోలియో సోకిన శిశువును కన్నులార చూచినవారు లేరు. అది వారి భాగ్యము. 1988వ సంవత్సరమున ప్రపంచ ఆరోగ్య మహాసభ ఈ వ్యాధిని భూమిపైనుండి తొలగింప నిశ్చయించునాటికి, 125కు పైగా దేశములలో ఏటేట సుమారు 3,50,000 మంది దానివలన పక్షవాతము పాలగుచుండిరి. మన దేశమున 1995లో పల్స్ పోలియో దినములు ప్రారంభమైనవి. 2011 జనవరి 13వ తేదీన పశ్చిమ బెంగాలులోని హౌరా జిల్లాలో ఒక చిన్న బాలికకు కనబడినదే సహజమైన పోలియో వైరసువలన మన దేశమున కలిగిన కడపటి వ్యాధి. 2014 మార్చి 27న మన దేశముతో కూడిన ఆగ్నేయాసియా ప్రాంతము పోలియో లేని ప్రాంతముగా ధ్రువీకరింపబడెను.

అయితే వ్యాధి పోయినది గాని, వ్యాధి సోకి బ్రదికినవారు మన నడుమనే యున్నారు. మన తల్లులు, మేనమామలు, పెదనాన్నలు, బడిలో గుమాస్తాలు, వీధి చివర దర్జీలు, ఇట్లు ప్రతి యూరను వారు కలరు. వారి వయస్సు పెరుగుచున్నది. వారి కాళ్లనుగూర్చి అందరును అడుగుదురు. కడుపునుగూర్చి ఎవ్వరును అడుగరు.

పోలియోకు కారణము ఒక వైరసని 1908లో వియన్నా నగరమున కార్ల్ లాండ్‌స్టైనరు, ఎర్విన్ పాపరు అను వైద్యులు కనుగొనిరి. ఈ వైరసు శరీరములోనికి ప్రవేశించునది నోటిద్వారానే. కలుషితమైన నీరు, శుభ్రముగా కడుగని చేతులు దానికి వాహనములు. అది గొంతులోను ప్రేవులలోను వృద్ధిపొంది మలముతో వెలుపలికి పోయి మరల మరియొకరి నోటికి చేరును. సోకినవారిలో అధిక సంఖ్యాకులకు ఏ బాధయు తెలియదు. సుమారు 200 మందిలో ఒకరికి మాత్రము అది వెన్నుపాములోనికి చేరి, కండరములను కదలించు చాలకనాడీకణములను చంపును. ఆ కణముల యాజ్ఞకు లోబడియుండు కండరములు అప్పుడు చచ్చుపడును.

ఇచ్చట రెండు సంగతులు గుర్తుంచుకొనవలెను. మొదటిది, పోలియో కదలికను హరించును గాని స్పర్శజ్ఞానమును హరింపదు. కాలు కదలని వానికి ఆ కాలిపై చీమ కుట్టిన తెలియును. అట్లే మలమూత్రముల వేగము వచ్చినప్పుడు వారికి చక్కగా తెలియును. నిలుపుకొను శక్తియు సాధారణముగా నుండును. రెండవది, వైరసు కొలది వారములలో ప్రేవులనుండి తొలగిపోవును. కావున నలువది యేండ్ల తరువాత కలుగు కడుపు బాధను చూచి, "లోపల పోలియో పురుగు ఇంకను ఉన్నది" యనుట సరికాదు. అది ఇతరులకు అంటునదియు కాదు.

రెండు ద్వారములు, నడుమ మార్గము

మరి బాధ ఎక్కడనుండి వచ్చుచున్నది? దీనిని గ్రహించుటకు మన యన్నమార్గమును ఒక పొడవైన వీధిగా భావింపుడు. వీధికి మొదట ఒక ద్వారము, చివర ఒక ద్వారము కలవు. మొదటి ద్వారము నోరు, గొంతు. చివరి ద్వారము మలాశయము, మలద్వారము. ఈ రెండు చోట్ల పనిచేయు కండరములు మన చేతి కండరములవంటివే. చాలకనాడుల యాజ్ఞపై నడచునవి. నడుమనున్న అన్ననాళపు క్రింది భాగము, జీర్ణకోశము, ఆరు మీటర్ల చిన్నప్రేవు, మీటరున్నర పెద్దప్రేవు మన యిచ్ఛతో పనిలేకుండ తమంతట తామే కదలును. మనము నిద్రించినను అవి నిద్రింపవు.

పోలియో ముఖ్యముగా కొట్టునది మొదటి జాతి కండరములనే. కావున ఈ వీధిలో నడుమ భాగము చాలవరకు క్షేమముగానే యుండును. దెబ్బ తగులునది రెండు ద్వారములకును, వానికి తోడ్పడు పొట్టగోడకును, ఊపిరి పీల్చు కండరములకును. ఇందులోను అందరికి ఒకే తీరున ఉండదు. ఒకరికి కాలు మాత్రమే పోవును. మరియొకరికి నడుము, పొట్ట. కొందరికి మెదడు క్రింది భాగమున వ్యాధి సోకి గొంతు కండరములు దుర్బలమగును.

వేరొక కారణము కూడ కలదు. బాల్యమున వ్యాధి తగ్గునప్పుడు, చనిపోయిన నాడీకణముల పనిని మిగిలిన కణములు పంచుకొనును. అవి క్రొత్త కొమ్మలు వేసి, యజమాని లేని కండరపు పోగులను తమ యేలుబడిలోనికి తెచ్చుకొనును. తండ్రి పోయిన యింట పెద్దకుమారుడు తమ్ముల భారమును మోసినట్లు ఆ కణములు ఏండ్లకొలది రెట్టింపు పని చేయును. తుదకు అవియు అలసిపోవును. అందువలన వ్యాధి తగ్గిన 15 ఏండ్లకు, తరచుగా 30, 40 ఏండ్లకు, క్రొత్త దౌర్బల్యము, మితిమీరిన యలసట, నొప్పులు బయలుదేరును. దీనిని పోలియో అనంతర లక్షణసముదాయ మందురు. ఇది కాలికి రాగలిగినట్లే గొంతుకును పొట్టకును రాగలదు.

తొలి ద్వారము: మ్రింగుట

మ్రింగుట మనకు సులభమైన పనిగా తోచును. కాని నాలుక ముద్దను వెనుకకు నెట్టుట, స్వరపేటిక పైకి లేచుట, వాయునాళము మూసికొనుట, అన్ననాళపు నోరు తెరచుకొనుట, ఇవన్నియు రమారమి ఒక సెకను కాలములో వరుస తప్పక జరుగవలెను. గొంతు కండరములు దుర్బలమైనప్పుడు ఈ వరుస కొంచెము తప్పును. ముద్ద గొంతులో నిలిచినట్లుండును. నీరు త్రాగునప్పుడు పొలమారును. భోజనమునకు అరగంటకు మారుగా గంట పట్టును. తిన్న తరువాత గొంతు తడిగా, బొంగురుగా పలుకును.

విచిత్రమేమనగా, ఈ లోపము గలవారు దానిని తరచు గుర్తింపరు. అమెరికాదేశపు జాతీయ ఆరోగ్య సంస్థలకు చెందిన బార్బరా సోనీస్, మరినోస్ డలాకస్ అనువారు పోలియో అనంతర లక్షణములు గల 32 మందిని పరీక్షించి 1991లో ఫలితములను ప్రకటించిరి. వారిలో మ్రింగుటయందు బాధ కలదని చెప్పినవారు 14 మంది మాత్రమే. కాని పరీక్షలలో 31 మందికి గొంతు పనిలో ఏదో యొక లోపము కనబడెను. అయితే భయపడవలసిన పని లేదు. ఆహారము వాయునాళమువైపు పోవు సూచనలు ఇద్దరిలోనే కనబడినవి. ఏండ్ల తరబడి నెమ్మదిగా వచ్చిన లోపమునకు మనుష్యుడు తెలియకయే సర్దుకొనును. చిన్న ముద్దలు చేసికొనుట, ప్రతి ముద్దకు నీరు త్రాగుట, గట్టి పదార్థములు మానుట మొదలగునవి అట్టి సర్దుబాటులే. మన యింటిలోని పెద్దవారు "ఈ మధ్య చపాతి సయించుట లేదు" అన్నప్పుడు, అది రుచి సంగతియా, గొంతు సంగతియా యని ఒక్కమారు ఆలోచింపవలెను.

నడిమి భాగము: జీర్ణకోశము, ఊపిరి

మన రొమ్మునకును పొట్టకును నడుమ గొడుగువంటి కండరమొకటి కలదు. దానిని ఉదరవితానమందురు. అది క్రిందికి దిగినప్పుడు ఊపిరితిత్తులలోనికి గాలి వచ్చును. అన్ననాళము దానిలోని రంధ్రముగుండ జీర్ణకోశమునకు పోవును. ఆ రంధ్రముచుట్టునున్న కండరము జీర్ణరసమును పైకి రాకుండ కొంతవరకు అదిమిపట్టును. పోలియోవలన ఉదరవితానము దుర్బలమైనను, వెన్నెముక వంకరపోయి పొట్టలోని స్థలము ఇరుకైనను, ఆ పట్టు సడలి పుల్లని త్రేపులు, గుండెలలో మంట కలుగును. వంగి కూర్చుండి పనిచేయువారికి ఇది అధికము.

ఇట్టివారికి కడుపునిండ తినిన ఆయాసము కలుగుటకును ఇదియే కారణము. నిండిన జీర్ణకోశము పైకి ఒత్తగా ఉదరవితానము దిగుటకు చోటుండదు. కొందరు దీనిని గుండెజబ్బని భయపడుదురు. మరికొందరు నిజమైన గుండెనొప్పిని "గ్యాసు" అని త్రోసివేయుదురు. ఈ రెండవది మరింత ప్రమాదకరము. నొప్పి దవడకు గాని భుజమునకు గాని ప్రాకినను, చెమటలు పట్టినను, ఆలస్యము చేయక ఆసుపత్రికి పోవలెను.

కడపటి ద్వారము: మలబద్ధకము

పెద్దప్రేవు తన పనిని తానే చేసికొనును. కాని తుదకు మలమును వెలుపలికి పంపుటకు పొట్టగోడ బిగియవలెను, ఉదరవితానము క్రిందికి నొక్కవలెను, కటిభాగపు అడుగు కండరములు సడలవలెను. బండిని త్రోయువానికి నేలపై కాళ్లు ఆనవలసినట్లు, ముక్కుటకు పొట్టకండరముల యానువలెను. అవి దుర్బలమైనచో మలము మలాశయమున నిలిచిపోవును. నిలిచినకొలది అందలి నీటిని పెద్దప్రేవు పీల్చివేయును, మలము గట్టిపడును, గట్టిపడినకొలది పంపుట మరింత కష్టమగును.

ఆరోగ్యవంతునకు నడక కూడ ప్రేవుల కదలికకు తోడ్పడును. చక్రములకుర్చీలోనో, మిషనుముందో దినమంతయు కూర్చుండువారికి ఆ తోడ్పాటు తక్కువ. గొంతుక్కూర్చుండుట మలవిసర్జనకు అనుకూలమైన భంగిమ యనుట నిజమే. కాని ఒక కాలు నిలువక, మోకాలు వంగక, కాలిపరు విప్పుకొని, గోడ పట్టుకొని, పడుదునేమో యను భయముతో కూర్చున్నవానికి ఆ భంగిమ వలన లాభమేమి? భయమున కటికండరములు బిగిసికొనును. పని ముగియకముందే లేచును. ఇట్లు ప్రతిదినము కొంత మిగిలిపోవును.

పోలియోది కాని పాలు

ఇంతవరకు చెప్పినది వ్యాధి పాలు. ఇక వ్యాధిది కానిదానిని చెప్పవలెను. మా యభిప్రాయమున తరచు ఈ పాలే పెద్దది. సంతోషమేమనగా, దిద్దుకొనదగినదియు ఈ పాలే.

మొదటిది నీరు మానుట. పైని చెప్పిన తల్లివలె, బయట మరుగుదొడ్డి దొరకదని నీరు త్రాగనివారు ఎందరో కలరు. దినమంతయు నీరులేని శరీరము, దొరికిన ప్రతి బొట్టును మలమునుండి కూడ పీల్చుకొనును. మలబద్ధకమే గాక మూత్రమున మంట, మూత్రపిండములలో రాళ్లు కూడ దీనివలన రావచ్చును.

రెండవది వేగమును ఆపుకొనుట. ఉదయ భోజనమైన కొంతసేపటికి పెద్దప్రేవు సహజముగా కదలును. ఆ సమయమున బస్సులోనో కార్యాలయములోనో ఉండి ఆపుకొన్నచో, కొంతకాలమునకు ఆ పిలుపు మందగించును.

మూడవది మందులు. దుర్బలమైన కాలికి బదులు మంచి కాలు, భుజములు రెట్టింపు భారము మోసి నొప్పిపెట్టును. నొప్పికి దుకాణమున బిళ్లలు కొని పరగడుపున మ్రింగువారు కలరు. వానిలో పెక్కు జీర్ణకోశమున పుండు కలిగింపగలవు. మరికొన్ని గాఢమైన నొప్పి మందులు, ఇనుపధాతువు బిళ్లలు, కాల్షియము బిళ్లలు మలబద్ధకమును పెంచును. కావున వైద్యునియొద్దకు పోవునప్పుడు వాడుచున్న బిళ్లలన్నిటిని సంచిలో వేసికొని పోవుట మంచిది.

నాలుగవది వారమువారము విరేచనకారి పుచ్చుకొనుట. నెలకొకమారు ఆముదము త్రాగించు పాత యలవాటు మన యిండ్లలో ఉండెడిది. తీవ్రమైన విరేచనముతో ప్రేవులన్నియు ఖాళీ యగును. తరువాత రెండు మూడు దినములు మలము రాకపోవుట సహజమే. దానిని మరల మలబద్ధకమని తలంచి మరల మందు పుచ్చుకొందురు. ఇది గానుగెద్దు తిరుగుడు వంటిది. విరేచనపు మందులలో నిత్యము వాడదగినవియు కలవు. ఏది తగునో వైద్యుడు చెప్పవలెను.

ఇంటిలో చేయదగినవి

ఈ క్రింది సంగతులు పెక్కుమందికి ఉపయోగపడునవి. గుండె, మూత్రపిండముల జబ్బు గలవారు నీటి కొలతను తమ వైద్యుని అడిగియే నిర్ణయించుకొనవలెను.

భోజనము కొంచెము కొంచెముగా నాలుగైదు మారులు తినుట మేలు. అలసట సాయంకాలమునకు పెరుగును గనుక పెద్ద భోజనమును పగటిపూటనే ముగించి, రాత్రి మెత్తని యన్నము, పప్పుకట్టు, జావ వంటివి పుచ్చుకొనవచ్చును. తినునప్పుడు నిటారుగా కూర్చుండవలెను. నోటిలో ముద్ద యుండగా మాటలాడరాదు. వారిని మాటలాడింపరాదు కూడ. ఒక ముద్ద దిగిన తరువాతనే మరియొకటి. పొడి పదార్థములను మజ్జిగతోనో పులుసుతోనో తడిపి తినవలెను. పలుచని నీరు పొలమారువారికి, తల ఏ వైపు వంచి మ్రింగవలెనో, ఏ పదార్థము ఎంత చిక్కగా నుండవలెనో స్పీచ్ థెరపిస్టు పరీక్షించి నేర్పును. మాట నేర్పువారే మ్రింగుటయు నేర్పుదురని మనలో చాలమందికి తెలియదు.

తిన్న వెంటనే పరుండరాదు. రెండు మూడు గంటలు గడువవలెను. పుల్లని త్రేపులు గలవారు మంచము తలవైపు కోళ్లక్రింద ఆరంగుళముల ఎత్తుగల దిమ్మలు పెట్టుకొనవచ్చును. తలగడలు పేర్చుటవలన పొట్ట ముడుచుకొనునే గాని లాభము తక్కువ. నడుముకు పట్టీ కట్టుకొనువారు భోజనసమయమున దానిని కొంచెము సడలింపవచ్చునేమో వైద్యుని అడుగవలెను.

పీచుపదార్థము కొరకు దూరము పోనక్కరలేదు. తోటకూర, గోరుచిక్కుడు, బెండకాయ, చిక్కుడుకాయ, జామపండు, బొప్పాయి, రాగులు, జొన్నలు, పొట్టుతీయని పెసలు మన యూళ్లలోనే దొరకును. కాని ఒక్కసారిగా పెంచిన పొట్ట ఉబ్బును. వారమువారము కొంచెము కొంచెముగా పెంచవలెను. పీచు పెంచి నీరు పెంచకపోవుట ఇసుక వేసి నీరు పోయక అడుసు త్రొక్కబోయినట్లుండును. ఇసబ్గోలు పుచ్చుకొనువారు దానిని నిండు గ్లాసు నీటిలో కలిపి వెంటనే త్రాగవలెను. మ్రింగుటయందు కష్టము గలవారు వైద్యుని అడుగక దాని జోలికి పోరాదు. అది గొంతులో ఉబ్బి అడ్డుపడవచ్చును.

కండరములు తక్కువైన శరీరమునకు అన్నము కొంత తక్కువ చాలును. బరువు పెరిగిన ఆ భారము మిగిలిన మంచి కండరములమీదనే పడును. అయినను పస్తుండి చిక్కుట తగదు. పప్పు, గ్రుడ్డు, చేప, పెరుగు తగ్గింపక, నూనె పిండివంటలు తగ్గింపవలెను.

ఉదయభోజనమైన ఇరువది, ముప్పది నిమిషములకు ప్రతిదినము ఒకే వేళకు మరుగుదొడ్డికి పోవు అలవాటు చేసికొనవలెను. కుర్చీవలె కూర్చుండు కమోడు, చేతికి పట్టుకమ్మి, పాదములక్రింద చిన్న పీట, ఇవి యున్నచో మోకాళ్లు కొంచెము పైకి లేచి గొంతుక్కూర్చున్న లాభము చాలవరకు కలుగును. ఇంటిలో కట్టించుకొను శక్తి లేనివారికి నడుమ రంధ్రముగల కుర్చీలు మందుల దుకాణములలో దొరకును. ముందుకు కొంచెము వంగి, మోచేతులు తొడలపై ఆనించి, తొందరపడక కూర్చుండవలెను. ఊపిరి బిగబట్టి ముక్కుట మంచిది కాదు.

వ్యాయామమును ఫిజియోథెరపిస్టు చెప్పినంతే చేయవలెను. "ఎంత శ్రమించిన అంత బలము" అను మాట ఇతరులకు తగునేమో గాని పోలియో సోకినవారికి తగదు. అలసినవెంటనే ఆగుట వారికి సోమరితనము కాదు, వివేకము.

వెంటనే వైద్యుని చూడవలసిన సందర్భములు

పోలియో సోకినవారికి ఇతరులకు వచ్చు జబ్బులు రావను నియమము లేదు. "పోలియో ఒళ్లు ఇంతే" అను మాటలోని అపాయము ఇదియే. మలమున నెత్తురు పడుట, మలము తారువలె నల్లగా నుండుట, కారణము లేక బరువు తగ్గుట, నడివయస్సు దాటిన పిమ్మట మలవిసర్జన తీరు అకస్మాత్తుగా మారుట, రక్తహీనత, ఇవి కనబడినచో ప్రేవులను పరీక్షింపవలసి యుండును. వాంతులతో కూడిన తీవ్రమైన కడుపునొప్పి, పొట్ట ఉబ్బి వాయువైనను పోకుండుట అను లక్షణములకు ఆ గంటలోనే ఆసుపత్రికి పోవలెను. మాటిమాటికి పొలమారుట, తిన్న తరువాత దగ్గు, పలుమారు ఊపిరితిత్తుల జ్వరము వచ్చుట, ఇవి ఆహారము త్రోవ తప్పుచున్నదనుటకు గుర్తులు.

వైద్యునితో మొదటి మాటగా "నాకు చిన్ననాడు పోలియో సోకినది" అని చెప్పవలెను. నేటి యువవైద్యులలో అనేకులు ఈ వ్యాధిని గ్రంథములలోనే చదివినవారు. కాలు చూచి వారే గ్రహింతురని ఊరకుండరాదు. కాలిలో కనబడని పోలియో గొంతులో ఉండవచ్చును.

మూడు మెట్లు

ఇప్పుడు మా ప్రశ్నకు తిరిగి వత్తము. ఆ తల్లి పొలమారుటకు కారణము గొంతు కండరముల దౌర్బల్యమని తరువాత పరీక్షలో తేలినది. అది పోలియో పాలు. పుల్లని త్రేపులకు కొంత వెన్నువంకర, కొంత పరగడుపున మ్రింగిన నొప్పిబిళ్లలు కారణము. మలబద్ధకమునకు పొట్టకండరములు కొంత కారణమే. కాని ముప్పదియేండ్లుగా కట్టుకొన్న నోరు అంతకంటె పెద్ద కారణము. ఆ నోటిని ఆమె తన యిష్టముచే కట్టుకొనలేదు. ఆమె చదివిన బడి, ఎక్కిన బస్సుస్టాండు, పనిచేసిన కార్యాలయము, తుదకు మా పాఠశాల, అన్నియు కలిసి కట్టినవి.

2016వ సంవత్సరపు వికలాంగుల హక్కుల చట్టము విద్యాలయముల భవనములు, ఆవరణములు, సౌకర్యములు అందరికి అందుబాటులో నుండవలెనని చెప్పుచున్నది. చట్టము మాకు తెలియకపోలేదు. మా బడిలో అట్టి పిల్లలు ఇప్పుడు లేరు గదా యని వాయిదా వేసితిమి. బడికి వచ్చువారు పిల్లలు మాత్రమే కాదనియు, వారి తల్లులును వత్తురనియు మరచితిమి. ఇది మా లోపము, దాచుకొన పనిలేదు.

ఆ వేసవి సెలవులలో మెట్లప్రక్క వాలుబాట యొకటి కట్టబడినది. రెండు గదులలో కమోడులు, గోడకు ఇనుప పట్టుకమ్ములు అమర్చబడినవి. తలుపులు వెలుపలికి తెరచుకొనునట్లు మార్చబడినవి. ఏలయనగా లోపల ఎవరైన పడినచో లోనికి తెరచుకొను తలుపును త్రోయుట కష్టము. తొమ్మిదవ తరగతి బాలురు వడ్రంగము నేర్చుకొను గంటలో రెండు పాదపీటలు చేసి యిచ్చిరి. ఒకటి కొంచెము ఊగుచున్నందున దాని కాలు మరల కోసి సరిచేయించితిమి.

విద్యార్థులారా, మీ యింటనో ఇరుగుపొరుగుననో పోలియో సోకినవారు ఉన్నచో, వారు ప్రయాణమునాడు నీరు త్రాగుచున్నారో లేదో గమనింపుడు. త్రాగనిచో "ఏమి, దాహము లేదా?" అని అడుగకుడు. మీరు ముందుగా పోయి, పోవుచున్న చోట మెట్లెన్ని, తలుపు వెడల్పెంత, కూర్చుండుటకు కమోడు కలదా, నీటికుళాయి చేతికందునా యని చూచి వచ్చి చెప్పుడు. పది నిమిషముల పని. వారి కడుపునకు ఇంతకంటె మంచి మందు మాకు తెలియదు.

గత వార్షికోత్సవమునకు ఆ తల్లి మరల వచ్చెను. ఈమారు కుమార్తెకు బహుమతి రాలేదు. మజ్జిగ పంచు బాలుడు తెచ్చిన గ్లాసును ఆమె నిటారుగా కూర్చుండి, కొంచెము కొంచెముగా, పొలమారకుండ త్రాగి, "ఇంకొకటి ఉందా నాన్నా?" అని అడిగెను.